ఎర్ర దీపం తీగ

ఆ తీగ కోసినప్పుడు నేనక్కడే ఉన్నాను. కళ్ళారా చూసిన మనిషిని కాబట్టి చెప్పి తీరాలి.

నేను సిటీ బస్సు కండక్టర్ని. ఆ మధ్యాహ్నం టికెట్ల మిషను భుజాన వేసుకుని బస్సెక్కబోతుంటే, మా డిపో బండ్లు బాగుచేసే పెద్దమేస్త్రీ స్టీరింగు కింద తల దూర్చి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్ళు రెండూ మెట్ల మీదికి వేలాడుతున్నాయి. పక్కనే డిపో మేనేజరు నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"కోసేయ్," అన్నాడు మేనేజరు.

"బ్యాటరీ వేడెక్కితే ఎర్ర దీపం వెలిగేది ఈ తీగ వల్లే సార్. బండి దానంతటది ఆగిపోయేదీ దీని వల్లే. కోస్తే ఇంక ఆగదు."

"ఆగకూడదనేగా కోయమంటున్నా."

"మనుషులెక్కే బండి సార్."

"నీకింకా ఎంత సర్వీసుంది? రెండేళ్ళా? ఆ రెండేళ్ళూ ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటావా?"

మేస్త్రీ చేతిలో కటింగ్ ప్లయరు టక్కుమంది. లేచి కూర్చుని చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నావైపు చూడలేదు. మేనేజరు పక్క బస్సు చూపించాడు. సాయంత్రానికి నలభై బస్సుల్లోనూ తీగలు తెగిపోయాయి. నేను చూశాను. నోరు మూసుకున్నాను. అది కూడా చెప్పాలి మరి.

ఎందుకు కోయించారో వినండి. డీజిల్ బస్సులు ఏడాదిలోగా పోవాలన్నారు సర్కారు వాళ్ళు. పొగ తగ్గుతుందన్నారు, సంతోషించాం. అయితే వాటి బదులు వచ్చిన బ్యాటరీ బస్సులు డిపోవి కావు, కంట్రాక్టరువి. బండి కదిలినంత దూరానికే అతనికి ముట్టేది. ఆగిన బండి వల్ల చిల్లిగవ్వ రాదు. నలభై బండ్లకి ఛార్జింగ్ పెట్టే స్తంభాలు ఆరు. ఒక బండి చల్లారక ముందే పీకి, ఇంకోదానికి పెట్టాలి. ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పిన మేస్త్రీలకి ఈ కొత్త బండి గురించి ఒక్క రోజు పాఠం చెప్పిన నాథుడు లేడు. బ్యాటరీ మూత విప్పితే ఉద్యోగం పోతుందని మాత్రం గోడకి కాగితం అంటించారు. ఎండలు ముదిరేసరికి రోజుకి పది బండ్లు ఎర్ర దీపంతో నడిరోడ్డు మీద ఆగిపోసాగాయి. దానికి కంట్రాక్టరు కనిపెట్టిన మందు, ఆ తీగ కోయడం.

నా బస్సు డ్రైవర్ని అందరూ నత్త అనేవాళ్ళు. అంత నెమ్మదిగా నడిపేవాడు. సైకిళ్ళవాళ్ళు కూడా దాటిపోతూ వెక్కిరించేవాళ్ళు. "తొందరున్న వాళ్ళు దిగి నడవండి, ముందే చేరతారు," అని తనమీద తనే జోకేసుకునేవాడు. అతని భార్య మా డిపోలోనే బస్సులు కడిగేది. నేను వదినా అని పిలిచేదాన్ని.

తీగ కోసిన తొమ్మిదో రోజు, ఆసుపత్రి మలుపు దగ్గర నత్త వెనక్కి తిరిగి అడిగాడు:

"చెల్లెమ్మా, నీ కాళ్ళకేమన్నా వేడి తగుల్తోందా?"

తగులుతోంది. చెప్పుల్లోంచి తగులుతోంది. కాలిన రబ్బరు వాసన కూడా మొదలైంది. అతను బండి పక్కకి తీసి మీట నొక్కాడు. తలుపులు తెరుచుకోలేదు. వాటికి కరెంటు వచ్చేదీ ఆ బ్యాటరీ నుంచే. జాకీ రాడ్డుతో వెనకద్దం పగలగొట్టి, ఒక్కొక్కరినీ ఎత్తి బయటికి దించాడు. ముప్పై నలుగురు. చివర నన్ను నెట్టాడు. నేను రోడ్డు మీద పడి తల తిప్పి చూసేసరికి అద్దం ఉన్న చోటంతా మంటే.

కాలిన ఒంటితో బయటికి లాగారు గానీ, మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. నాలుగో రోజు పోలీసులు కేసు కట్టారు, పోయిన మనిషి మీదే. అతివేగంగా నడిపి బ్యాటరీ వేడెక్కించాడట. నత్త అతివేగంగా నడిపాడట!

దినాలయ్యాక ఆ కేసు కాగితం చదివి వినిపించినప్పుడు డిపోలో ఎవరికీ ఏడుపు రాలేదు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, పాత ఇంజన్లు పడేసిన షెడ్డులోకి ఒక్కొక్కరే వచ్చి చేరారు. నూట యాభై మందికి తక్కువుండరు. ఎవరు పిలిచారో ఇప్పటికీ తెలియదు.

"తగలబెడదాం!" అని అరిచాడు ఒక డ్రైవరు. "ఈ దిక్కుమాలిన బ్యాటరీ బండ్లన్నిటినీ తగలబెడదాం. మన డీజిల్ బండ్లు మనకిమ్మందాం!"

సగం మంది ఔనన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"మా నాన్న ఇదే షెడ్డులో డీజిల్ పొగ మింగి మింగి, దగ్గి దగ్గి పోయాడు. నాకా పొగ వద్దు. బండి ఏం చేసింది అన్నా? వేడెక్కింది, ఆగుతానంది. ఆగనివ్వనిదెవరు? అది చెప్పు ముందు."

"ఎవరు?"

"నేను," అన్నాడు పెద్దమేస్త్రీ.

గోడవార కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "నలభై బండ్లలో తీగ కోసింది నేనే. ఉద్యోగం పోతుందని భయపడి కోశాను."

జనం అతని మీదికి ఉరికారు. ఎవరో చొక్కా పట్టుకున్నారు, ఎవరో చెంప మీద కొట్టారు. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అప్పుడు వదిన వచ్చింది. బస్సులు కడిగే రబ్బరు బూట్లతోనే వచ్చింది. దారి ఇచ్చారు.

"వదలండి. కోసిన చెయ్యి ఇదిగో, ఇక్కడే ఉంది. కోయమన్న నోరు ఏసీ గదిలో ఉంది. దీన్ని విరగ్గొడితే దానికేం నొప్పి?" మేస్త్రీ వైపు తిరిగింది. "మళ్ళీ కలపగలవా?"

"కలుపుతానమ్మా."

"మిగిలిన ముప్పై తొమ్మిదీ?"

"ముప్పై తొమ్మిదీ. నా ఒక్కడి వల్ల కాదు."

"ఒక్కడివే ఎందుకు కలుపుతావ్?" అంది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ నేర్పాడు, మేం నేర్చుకున్నాం. డ్రైవర్లు, కండక్టర్లు, కడిగేవాళ్ళు, అందరం స్టీరింగుల కింద తలలు దూర్చాం. గోడ మీది కాగితం ఎవరో చింపేశారు. తీగలు కలిపి తాళాలు తిప్పాం.

ఒక్కో బండిలో దీపం వెలుగుతుంటే లెక్కపెట్టుకుంటూ పోయాం. ముప్పై తొమ్మిదిట్లో ఇరవై ఆరు. కదలకుండా నిలబడ్డ బండ్లలో ఇరవై ఆరు ఎర్ర దీపాలు. మూతలు విప్పి చూస్తే బ్యాటరీలు పొట్టలుబ్బి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వీటి మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరిగామా అని ఒక డ్రైవరు అక్కడే కూలబడిపోయాడు. ముందురోజు తగలబెడదామన్నది అతనే.

మిగతావాటినీ నమ్మలేక ఒక్క బండినీ బయటికి తియ్యలేదు. ఎనిమిదింటికి మేనేజరు వచ్చాడు, వెనక ఇన్‌స్పెక్టరు, రెండు వ్యాన్ల పోలీసులు, ఇంకో వ్యానులో బయటి ఊరి నుంచి పట్టుకొచ్చిన డ్రైవర్లు. మేం అడ్డం పడలేదు. పక్కకి తప్పుకున్నాం.

"వెళ్ళండి తమ్ముళ్ళూ. తాళాలు బండ్లలోనే ఉన్నాయి," అన్నాడు మేస్త్రీ.

వాళ్ళు ఎక్కారు. తాళం తిప్పారు. ఎర్ర దీపం చూసి ముందు వరసలో కుర్రాడొకడు దిగిపోయాడు. మేనేజరు వాణ్ణి తిట్టాడు. ఆ పక్క బండివాడూ దిగాడు. మీసాలాయన ఒకడు మాత్రం సీట్లోనే కూర్చుని కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఈ తీగ మళ్ళీ కోసైనా తీస్తాను సార్. నాకేం. మీరొచ్చి వెనక సీట్లో కూర్చోండి, ఇద్దరం కలిసే వెళ్దాం."

మేనేజరు కదలలేదు. మీసాలాయన కాసేపు చూసి, దిగి వచ్చి మా పక్కన నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు మొహం నల్లబడింది. అందర్నీ అరెస్టు చేయమన్నాడు. నూట యాభై మందికి రెండు వ్యాన్లు ఏం సరిపోతాయి? డిపో బస్సులు వాడమన్నాడు. కానిస్టేబుళ్ళు ఎర్ర దీపాల వైపు చూశారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందులో పెద్దాయన నెమ్మదిగా అన్నాడు:

"నడిపించుకుని తీసుకెళ్దాం సార్."

అలా నడిపించారు. స్టేషను నాలుగు మైళ్ళు. ప్రతి స్టాపులోనూ బస్సు కోసం చూస్తున్న జనం. బస్సు బదులు మేం వచ్చాం, చుట్టూ లాఠీలతో. "ఏమైందమ్మా?" అని అడిగారు. చెప్పాం. ఆఫీసుకి పోవాల్సిన వాళ్ళు, కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలవాళ్ళు, కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు, చాలామంది మా వెనక నడిచారు. ఆసుపత్రి మలుపు దగ్గర, ఆ రోజు నత్త వెనకద్దంలోంచి దించిన ఒక ముసలమ్మ వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. స్టేషను చేరేసరికి వెనక జనంతో వీధి చివర కనిపించలేదు.

సాయంత్రం మమ్మల్ని వదిలేశారు. మేస్త్రీని వదల్లేదు. అతన్ని వెనక గేటునుంచి జీపులో ఎక్కించారు. ఎక్కడికని అడిగితే తెలియదన్నారు. ఇది మీకు చెబుతున్న ఇవాళ్టికి పన్నెండు రోజులు. అతని కళ్ళజోడు మాత్రం ఎవరో తెచ్చి డిపో గేటు దగ్గర పెట్టి పోయారు. అద్దం ఒకటి పగిలి ఉంది.

ఈ పన్నెండు రోజుల్లో ఇంకో ఏడు డిపోల్లో మూతలు విప్పారు. అక్కడా అవే తెగిన తీగలు. నిన్న కంట్రాక్టరు మనుషులు మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఎవరెక్కడుంటారో రాసుకుపోయారు. మా అమ్మ భయపడి నన్ను బయటికి పోవద్దంది.

రేపు ఎనిమిది డిపోల వాళ్ళం కలిసి స్టేషనుకి వెళ్తున్నాం. మేస్త్రీని చూపించమని అడుగుతాం. ముందు వరసలో ఎవరుంటారని పొద్దున మీటింగులో అడిగితే, అందరికన్నా ముందు వదిన లేచింది. ఆమె తర్వాత నేను పేరిచ్చాను. నా తర్వాత, నా వెంటే వచ్చిన మా అమ్మ ఇచ్చింది.