ఉమారాణి మానుకున్న ప్రయాణం

నారాయణఖేడ్ బాలికల హైస్కూల్లో సోషల్ చెప్పే ఉమారాణి ఏటా బోర్డు మీద ఆల్ప్స్ పర్వతాలను గీసి, శిఖరాల మీద తెల్ల సుద్దతో మంచు అద్దేది. ఆ మంచును కళ్లారా చూడాలని ఈ వేసవి సెలవులకు తోటి టీచర్ సుహాసినితో కలిసి యూరప్ యాత్రకు డబ్బు కట్టింది. పారిస్, స్విట్జర్లాండ్, చివరన రోమ్.

వీసాకు వైద్య ఖర్చుల ఇన్సూరెన్సు ఎలాగూ తప్పదు. ట్రావెల్ ఏజెంటు ఇంకోటి కూడా చెప్పాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ప్రయాణం ఆగిపోతే, కట్టిన డబ్బు చాలావరకు తిరిగొచ్చే పాలసీ అది. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తేసరికి, విత్తనాల దుకాణం నడిపే భర్త వీరేశ్ అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"ఆడ పానం బాగలేకుంటే దవాఖానల చూపిస్తరు, గది సరే. ఇంట్ల ఉన్నోళ్లకు ఏమైతది? ఉత్తగ పైసలు పారేసుడు. కందికి బీమా కట్టినం, చేను ఎండితే ఏమన్న ఇచ్చిండ్రా?"

"కందికి ఇయ్యలేదని దీనికి గూడ ఇయ్యరా ఏంది? పోకుంటే కట్టిందంతా పోతదట," అంది ఉమారాణి. ఇక వాదించలేదు. మరునాడు వెళ్లి ఆ పాలసీ తీసుకుంది.

గడప పక్కన కూర్చుని కందులు ఏరుతున్న అత్త బసమ్మ ఈ మాటలన్నీ విన్నది. కర్ణాటక సరిహద్దునున్న నాగల్‌గిద్దలో పుట్టి పెరిగిన మనిషి, మాటల్లో కన్నడం దొర్లుతుంటుంది. ఇన్సూరెన్సు సంగతి ఆమెకు ఎక్కలేదు. పోకుంటే కట్టిందంతా పోతుందన్నది మాత్రం మనసులో నిలిచిపోయింది.

ప్రయాణం దగ్గర పడ్డాక ఉమారాణి ఒక వింత గమనించింది. ఒకచోట కాలు నిలవని బసమ్మ మంచం దిగడం లేదు. అన్నానికి రమ్మంటే ఆకలి లేదంటోంది. స్వెట్టర్ కొనడానికి బజారుకెళ్లిన ఉమారాణి ఒకరోజు త్వరగా తిరిగొచ్చేసరికి, బసమ్మ గోడ పట్టుకుని కాలీడ్చుకుంటూ నడుస్తోంది. ముఖమంతా చెమట.

"ఏమైందత్తమ్మా?"

"ఏం గాలె. కాలు తిమ్మిరెక్కింది."

ఉమారాణి ఆమెను కూర్చోబెట్టి, చీర కొంచెం పక్కకు జరిపి చూసింది. తుంటి మీద నల్లగా కమిలిపోయి ఉంది.

"ఎప్పుడు పడ్డవు?"

"మొన్న. బట్టలుతికే బండకాడ కాలు జారింది. వీరేశ్‌కు చెప్పకు, బ్యాడ. నువ్వు ఇమానం ఎక్కినంక నేనే చెప్తుంటి." బసమ్మ తల వంచుకుంది. "ఎన్నేండ్ల సంది అనుకుంటున్నవో నాకెరుక లేదా? పోకుంటే కట్టిందంతా పోతదంటివి గద."

ఉమారాణి చీర సర్ది ఆమె పక్కనే కూర్చుంది. తను మాటవరసకు అన్నది పట్టుకుని ఈ ముసలామె ఇంత నొప్పిని పళ్ల బిగువున దాచుకుంది.

"పోదత్తమ్మా. గందుకే ఇన్సూరెన్సు తీసుకున్న. నీకు బాగలేదని డాక్టర్ రాసిస్తే పైసలు మల్లొస్తయి."

"ఒట్టు పెట్టు."

"ఒట్టు."

అప్పుడు బసమ్మ కోడలి భుజం మీద తల ఆనించి, మొదటిసారి పైకి మూలిగింది.

సంగారెడ్డి దవాఖానలో తుంటి ఎముక చిట్లిందన్నారు, ఆపరేషన్ చేశారు. "మా అక్కను పిలిపిస్త, నువ్వు పో," అన్నాడు వీరేశ్. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఉమారాణి నిజంగానే ఆలోచించింది. చివరికి, "పోతే అక్కడ నాకు ఏది చూసినా అత్తమ్మే గుర్తొస్తది. పోను," అంది. సుహాసిని విమానాశ్రయానికి బయల్దేరిన రోజు మాత్రం దవాఖాన బాత్రూంలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి బసమ్మకు జావ పట్టింది.

ఇన్సూరెన్సు వాళ్లు తేలిగ్గా ఇవ్వలేదు. అవే కాగితాలు మళ్లీ మళ్లీ అడిగారు, ఫోన్ చేస్తే రేపన్నారు. వీసా ఖర్చు పోనే పోయింది. మిగతాది వచ్చింది. డబ్బు పడిందన్న మెసేజ్‌ను వీరేశ్ ఫోన్లో రెండుసార్లు చదివాడు.

"వచ్చే ఏడు మల్ల కట్టు," అన్నాడు. "దుకాణం గుమాస్తా దశరథ్‌కు అప్పజెప్పి నేను గూడ వస్త."

సెలవులు అయిపోయాక సుహాసిని ఫోటోలు పట్టుకుని బసమ్మను చూడ్డానికి వచ్చింది. బసమ్మ వాకర్ పట్టుకుని వాకిట్లో రెండు చక్కర్లు కొట్టి, అలిసిపోయి కుర్చీలో కూర్చుంది. ఫోన్లోని మంచుకొండను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గింత చలికి ఆడ పసులు ఏం మేస్తయే ఉమా?"

"ఎండకాలం మంచు కరిగి గడ్డి మొలుస్తదత్తమ్మా. అప్పుడు పైకి తోలుకపోతరు. చలికాలం కిందికి దింపి కొట్టంల ఎండుగడ్డి ఏస్తరు," అంది ఉమారాణి. పుస్తకంలో చదివింది, ఏటా పిల్లలకు చెప్పేదే.

"మరి పాలు ఎట్ల కిందికి తెస్తరు?" అని బసమ్మ అడిగింది. అది ఉమారాణికి తెలియదు. ఇద్దరూ సుహాసిని వైపు చూశారు.