ఏలీ కుర్చీ

చర్చి అయ్యగారికి బైబిలు పాత నిబంధనలో మామూలు వస్తువనేదే కనబడేది కాదు. అన్నీ రాబోయే క్రీస్తుకు ముంగుర్తులే. ఎడారిలో దేవుడికి వేసిన ప్రత్యక్ష గుడారపు మేకు మీద మూడు ఆదివారాలు ప్రసంగించి, నాలుగో ఆదివారం ఆ మేకు దిగిన గుంట మీద ప్రసంగించిన మహానుభావుడాయన. గుంటను తలుచుకుని ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా.

ఆ ప్రసంగాలన్నీ తలుపు దగ్గర నిలబడి విన్నవాడు గంటాయన. గంట కొట్టడం, నేల తుడవడం, ఆలస్యంగా వచ్చినవాళ్లకు చప్పుడు కాకుండా తలుపు తీయడం ఆయన పని. డెబ్బై దాటాయి. కాళ్లు ఎంత వాచేవంటే, ఆరాధన ముగిసేసరికి చెప్పుల్లో పట్టేవి కావు. మందిరం వెనక గదిలో ఉండనిస్తున్నారు గనక నోరెత్తేవాడు కాదు.

"ఓ పీట అడగడానికి నీకేం రోగమయ్యా?" అని భార్య పోరగా పోరగా, ఒకనాడు అడిగాడు.

అయ్యగారు తన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "తాతా, గుడారంలో దీపస్తంభం ఉంది, బల్ల ఉంది, ధూపవేదిక ఉంది. కుర్చీ ఉందా? లేదు! ఆ యాజకుల పని ఎన్నటికీ తెమలదు గనక. క్రీస్తు వచ్చి, పని ముగించి, కూర్చున్నాడు. నువ్వక్కడ నిలబడ్డావంటే ఊరికే కాదు, పాత నిబంధనకే గుర్తువి!"

"మరి తమరు కూర్చున్నారు కదండీ?"

"నేను కొత్త నిబంధన."

తరువాతి ఆదివారం అదే ప్రసంగం. అందరూ వెనక్కి తిరిగి గంటాయనను కళ్లారా చూశారు. అంతవరకు గోడకు కాస్త ఆనుకునేవాడు, ఇక అదీ పోయింది.

"ఆనకు తాతా, అర్థం చెడిపోతుంది" అంది చివరి వరసలోని పెద్దావిడ.

గంటాయనకు రోషం వచ్చింది. కూడబలుక్కుని చదవడం వచ్చు. నెల రోజులు బైబిలంతా వెతికి, వేలు పెట్టి పట్టుకున్నాడు.

"అయ్యా, ఏలీ యాజకుడు గుమ్మం పక్కనే పీఠం మీద కూర్చున్నాడండీ. రాసుంది. నాలాగే ముసలాయన."

అయ్యగారు ఒక్క క్షణం బైబిలు పేజీలు తడుముకున్నాడు. గంటాయన జీవితంలో గెలిచింది ఆ ఒక్క క్షణమే. అంతలో అయ్యగారి ముఖం వెలిగిపోయింది.

"భలే పట్టావు తాతా! కూర్చున్నాడు. ఆ తర్వాత?"

"దేవుడి ఆజ్ఞలున్న మందసం శత్రువుల పాలైందని విని, వెనక్కి పడ్డాడండీ."

"పడి?"

"మెడ విరిగిందండీ."

"అదీ! పాత యాజకత్వం కూలిపోవడం!"

ఆదివారానికల్లా తలుపు దగ్గరకు కుర్చీ వచ్చింది. ఎత్తైనది, వెనక ఆనుడు లేనిది. ప్రసంగం సాగినంతసేపూ కూర్చోవచ్చు. "మందసం పోయింది" అన్న మాట వినబడగానే ఏలీలాగే వెనక్కి పడాలి. లేదంటే గది ఖాళీ చేయాలి.

"కింద పరుపైనా వెయ్యనివ్వండయ్యా" అంది భార్య, చేతులు జోడించి.

"పరుపుకు అర్థమేముందమ్మా?" అన్నాడు అయ్యగారు, నిజంగానే ఆలోచించి.

మొదటి ఆదివారం గంటాయన నలభై నిమిషాలు కూర్చున్నాడు. కాళ్లలోంచి నొప్పి చీమల బారులా దిగిపోతుంటే, ఆ సుఖానికి కళ్లు మూతపడ్డాయి. అప్పుడు మందసం పోయింది. తల నేలకు తగిలిన చప్పుడుకు జనం ఒక్కసారిగా "స్తోత్రం!" అన్నారు.

వారం వారం పడ్డాడు. పక్క సంఘాలవాళ్లు పిల్లాజెల్లాతో దిగబడ్డారు. ప్రసంగం పొడుగవ్వాలని గంటాయన ప్రార్థించేవాడు. జనానికి పడే ముచ్చటే కావాలి గనక, ప్రసంగం కురచవుతూ వచ్చింది.

ఆరో ఆదివారం, పడి లేచి నెత్తురు తుడుచుకుంటుండగా, ఇంకో బండెడు జనం దిగారు.

"మళ్లీ కూర్చో తాతా" అన్నాడు అయ్యగారు.

"నిలబడతానండీ." గంటాయన గోడ పట్టుకున్నాడు. "మునుపటిలాగే నిలబడతాను, ఆనుకోను కూడా."

"నిలబడ్డం అయిపోయింది కదా, అందరూ వినేశారు. ఊఁ, కూర్చో. దూరం నుంచి వచ్చారు పాపం."

కూర్చున్నాడు. ఈసారి కాళ్లు చాపుకునే లోపే మందసం పోయింది.