ప్రాజెక్ట్ లీడ్ గారి డైపర్ షీట్

పిల్లల పెంపకం గురించి తన భర్త శశికాంత్‌కి తెలిసినంత, అమెరికాలో వాళ్లుండే అరోరాలో ఏ డాక్టరుకీ తెలియదని, బాబు పుట్టిన ఈ మూడు వారాల్లో త్రివేణికి బాగా అర్థమైంది. కాన్పుకి ముందు ఆస్పత్రి వాళ్లు పెట్టిన క్లాసులో ఆ మహానుభావుడు ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్నాడు. బాబు పుట్టిన రోజే ఎక్సెల్ షీట్ తెరిచాడు. పాలు ఎన్నిసార్లు, డైపర్లు ఎన్ని, నిద్ర ఎంత అని రంగురంగుల గళ్లు పెట్టాడు. పాలిచ్చేదీ, డైపర్లు మార్చేదీ త్రివేణి. అతగాడు మాత్రం ఆఫీసు నుంచి గంటకోసారి ఫోన్ చేసి, "త్రివేణీ, స్టేటస్ ఏంటి?" అని అడిగి గళ్లు నింపుతాడు.

ఇవాళ చెకప్‌లో నర్సు, "రోజుకి ఎన్ని డైపర్లు తడుపుతున్నాడు?" అని అడగడమే ఆలస్యం, శశికాంత్ లాప్‌టాప్ తెరిచి గ్రాఫ్ చూపించాడు.

"ఇంత శ్రద్ధగల తండ్రిని నేనెక్కడా చూడలేదు!" అని నర్సు మురిసిపోయింది. త్రివేణి పళ్లు బిగబట్టి నవ్వింది.

సరిగ్గా అప్పుడే బాబు తడిపేశాడు. నర్సు కొత్త డైపర్ తీసి ఆ శ్రద్ధగల తండ్రి చేతిలోనే పెట్టింది. అతగాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి, "త్రివేణీ, దీనికి ముందేది, వెనకేది?" అన్నాడు.

త్రివేణి లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. షీట్ పైన 'ప్రాజెక్ట్ లీడ్: శశికాంత్, రిసోర్స్: త్రివేణి' అని ఉంది. తన పేరు పక్కన 'లీవ్‌లో ఉంది' అని టైప్ చేసి, తీరిగ్గా కాళ్లు చాపుకుని కూర్చుంది.