రిమార్కుల గడి

పది గంటల సంతకం పెట్టి, జయశీల దాని పక్కనున్న రిమార్కుల గడిలో ఇంకో ఇంగ్లీషు మాట దిద్దింది. విమానాశ్రయంలో మహిళల టాయిలెట్ తలుపు వెనక వేలాడే ఆ కాగితం మీద, శుభ్రం చేసినట్టు గంటకో సంతకం పెట్టాలి. రిమార్కుల గడిలో ఎవరూ ఏమీ రాయరు. నాలుగు నెలలుగా అదే ఆమె పలక.

తొమ్మిది గంటల గడిలో ‘కెటాస్ట్రఫీ’. ఇప్పుడు దాని కింద ‘ఇమినెంట్’. బ్లీచింగుకు తెల్లబడ్డ వేళ్లలో పెన్ను జారుతున్నా ఒక్క అక్షరం తప్పలేదు.

మాటలు ఇచ్చేది కాఫీ కొట్టులో పనిచేసే వినీల. పెళ్లై నెల కాలేదు. మొగుడు టీ పెట్టిచ్చిన సంగతి కూడా పండగలా చెబుతుంది. శుక్రవారం జయశీలకు ప్రయాణికుల లాంజిలో కొలువుకు ఇంటర్వ్యూ. అది బల్ల వెనక కూర్చునే పని. యాభై ఏళ్ల మోకాళ్లకు అంతకన్నా ఏం కావాలి? మైలార్‌దేవ్‌పల్లి నుంచి బస్సులో నిలబడి ఆ మాటలు వల్లె వేస్తూ వస్తుంది.

“గియన్ని ఎవలు మాట్లాడుతరే?” అని మొన్న అడిగింది.

“విమానమెక్కేటోళ్లు మాట్లాడుతరక్కా. నువ్వు జర నోరు తిప్పు” అంది వినీల.

పదకొండుకు నేల తుడుస్తుండగా ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర ఆగి, ఆ కాగితం చదివి, బయటికి పరుగెత్తింది. ఐదు నిమిషాల్లో భద్రతా సిబ్బంది వచ్చారు, ఒక కుక్కతో. లోపలున్న ఆడవాళ్లందరినీ పంపించేశారు. ఇది రాసింది నువ్వేనా అని అధికారి అడిగాడు. తల ఊపింది. అర్థం తెలుసా అన్నాడు.

ఇన్నాళ్లలో వినీల కాక ఆమెను అర్థం అడిగిన మొదటి మనిషి అతనే. జయశీల నిటారుగా నిలబడింది.

“తెలుసు సార్. కెటాస్ట్రఫీ అంటే పెద్ద ప్రమాదం. ఇమినెంట్ అంటే ఏ క్షణమైనా జరిగేది.”

అప్పుడు రెండు మాటలూ కలిసి ఆమె చెవిన పడ్డాయి.

“నేర్సుకుంటున్న సార్, గంతే.”

కుక్కకు ఏమీ దొరకలేదు. గంటన్నర ప్రశ్నల తర్వాత అధికారి నమ్మాడు. కాంట్రాక్టు సూపర్‌వైజర్ హరిప్రసాద్ మాత్రం ఆమె ముఖం చూడకుండా మెడలోని పాసు అడిగి తీసుకున్నాడు. శుక్రవారం ఇంటర్వ్యూ ఉందని ఆమె అంది. పాసు లేనిదే గేటు కూడా దాటనివ్వరని అతను చెప్పాడు.

వినీల పరుగున వచ్చింది. పాలిపోయిన గోరింటాకు చేతులతో నోరు మూసుకుంది.

“నేనే ఇచ్చిన కదక్కా ఆ మాటలు.”

“ఎవలకు చెప్పకు. నీ కొలువు గూడ పోతది” అని జయశీల సిబ్బంది గేటు వైపు నడిచింది.

మధ్యాహ్నానికి తలుపు వెనక కొత్త కాగితం తగిలించారు. ఎప్పుడో ఆరిపోయిన నేల మధ్య, తడిగా ఉంది జాగ్రత్త అంటూ ఆమె నిలబెట్టిన పసుపుపచ్చ బోర్డు అలాగే ఉంది. వచ్చే పోయే ఆడవాళ్లు దాన్ని చదివి, కుచ్చిళ్లు కొంచెం ఎత్తిపట్టుకుని, పక్కగా నడుస్తున్నారు.