రాతిపొడి

వంటగట్ల కోసం రాతిపలకలు కోసే షెడ్డులో మా చిన్నాన్నను అందరూ ‘పిండిమర’ అనేవాళ్లు. సాయంత్రానికి కనుబొమ్మలతో సహా తెల్లబడిపోయేవాడు మరి. ఆయన పలకలు కోసేవాడు, నేను అంచులు నున్నగా అరగదీసేదాన్ని.

ఒకరోజు పలక ఎత్తడానికి వంగినవాడు లేవలేకపోయాడు. గోడకు చేరబడి, గాలి కోసం నోరు తెరిచాడు.

“ఏం లేదమ్మా, వయసు” అన్నాడు. ఆయనకు నలభై రెండు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టింది. ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు.

“రాతిపొడి. లోపల మచ్చలు కట్టేసింది. ఇక పోవు. మళ్లీ ఆ దుమ్ములోకి వెళ్లకూడదు.”

“మూతికి గుడ్డ కట్టుకుంటాం కదండీ?” అన్నాను.

“కంటికి కనబడని పొడి గుడ్డకు ఆగుతుందా? నువ్వూ అక్కడేనా? ఎన్నేళ్లు?”

“ఆరు.”

ఆమె నాకూ ఎక్స్‌రేకు చీటీ రాసింది.

ఫలితం రెండు రోజులకు వచ్చింది. ఆ రెండు రోజులూ మెట్లెక్కితే ఆయాసం వస్తోందేమోనని ఆగి చూసుకున్నాను. దుమ్ము చీరతోనే ఇంటికి వచ్చి మా పాపను ఎత్తుకునేదాన్ననీ, దాని పక్కనే చీర దులిపేదాన్ననీ గుర్తొచ్చి, ఉన్న చీరలన్నీ నీళ్లలో నానబెట్టాను.

“ప్రస్తుతానికి ఏమీ లేదు. ఏడాదికోసారి చూపించుకో” అంది డాక్టరమ్మ. ఆ ‘ప్రస్తుతానికి’ ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు షెడ్డులో మిషను ముట్టుకోలేదు.

“బ్లేడుకు నీళ్లు పెట్టి దుమ్ము అణిచితేనే పని చేస్తాను” అన్నాను. పని పోతుందని భయం, చేస్తే ప్రాణం పోతుందని భయం.

“నీళ్లు పెడితే బురద, పని జాగు. ఇన్నేళ్లు లేని రోగం ఇవాళ పుట్టుకొచ్చిందా?” అని మాతో పని చేయించే మేస్త్రీ కసిరాడు.

చిన్నాన్న ఎక్స్‌రే మేస్త్రీ చేతిలో పెట్టాను. చుట్టూ మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేస్త్రీ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఏదో అనబోయి దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ తెగలేదు.

“ఆ డాక్టరమ్మ ఎప్పుడుంటుంది?” అన్నాడు చివరికి, నాకు మాత్రమే వినబడేలా.

పదిరోజుల్లో బ్లేడుకు నీటిపైపు, దుమ్ము పీల్చే యంత్రం వచ్చాయి. మొహానికి అతుక్కునే మాస్కులు ఇచ్చారు. పొడి చీపురు మానేసి, నేల తడిపి కడుగుతున్నాం. పనిబట్టలు అక్కడే విడిచి, స్నానం చేసి ఇంటికి వెళ్తున్నాం.

ఏడాది కావస్తోంది. చిన్నాన్న మళ్లీ పనికి రాలేదు. వీధి చివరిదాకా నడవడానికి రెండుసార్లు ఆగుతాడు. మేస్త్రీ తన ఫలితం ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. వచ్చే నెల మళ్లీ నా ఎక్స్‌రే. ఇప్పటినుంచే మెట్లెక్కి, ఆగి చూసుకుంటున్నాను.