ఐదు రాత్రుల ఉంగరం

“ఉంగరం ఛార్జింగ్ పెట్టావా?” అని గదిలోంచి కేకేశాడు లెక్కలాయన.

పెట్టింది. షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే పెట్టింది. ఆ ఇంట్లో ఆమె రోజూ ఛార్జింగ్ పెట్టాల్సినవి ఇప్పటికే ఐదున్నాయి. ఆయన ఫోను, తన ఫోను, అత్తయ్య బీపీ మిషను, చిన్నదాని బొమ్మ కారు, కరెంటు పోతే వేసుకునే లైటు. ఇది ఆరోది. ఇవన్నీ వాటంతటవే నిండుతాయని ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె కూడా ఏనాడూ చెడగొట్టలేదు.

లెక్కలాయన అంటే ఆమె భర్తే. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు కాబట్టి వీధంతా అలాగే పిలుస్తారు. ఆమె మందుల షాపులో కౌంటరు మీద పనిచేస్తుంది. ఆ ఉంగరం కూడా వాళ్ల షాపులో అద్దెకిచ్చేదే. చూపుడువేలికి తొడిగే లావుపాటి రబ్బరు ఉంగరం, లోపల చిన్న ఎర్ర లైటు. రాత్రంతా ఉంచుకుంటే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, మనిషి ఎన్నిసార్లు లేచాడో అన్నీ రాసుకుని పొద్దున్నే ఫోన్లో గీతలు గీసి చూపిస్తుంది. ఎందరికి అప్పజెప్పిందో దాన్ని! “గోళ్లకి రంగు ఉండకూడదండీ. రాత్రికి నాలుగు గంటలన్నా వేలికి ఉండాలి. ఐదు రాత్రులు. ముఖ్యంగా, ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు” అని పాఠం ఒప్పజెప్పినట్టు చెబుతుంది.

లెక్కలాయన గురక సంగతి పక్కింటివాళ్లకీ తెలుసు. గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం మాత్రం ఆమెకొక్కదానికే తెలుసు. సాగుతూ సాగుతూ ఉన్న గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆమె చీకట్లో ఒకటి, రెండు, మూడు అని లోలోపల లెక్కపెడుతుంది. పదిహేను దాటితే గుండె ఆగినంత పనై భుజం మీద తడుతుంది. ఆయన గుర్రుమని గాలి పీల్చుకుని అటు తిరిగి పడుకుంటాడు. పొద్దున్నే చెబితే, “నిద్ర మానేసి నా ఊపిరి లెక్కపెడతావేంటోయ్? లెక్కలు నా డిపార్టుమెంటు కదా!” అని నవ్వేవాడు. నవ్వితే బావుంటాడు. అదే చిక్కు, కోపాన్ని రెండు నిమిషాలు కూడా నిలవనివ్వడు. చివరికి షాపు మేడమీద కూర్చునే డాక్టరమ్మతో చెప్పించి, ఉంగరం తెచ్చి, మొదటి రాత్రి తనే ఆయన వేలికి తొడిగింది. “పెళ్లినాడు నేను తొడిగా, ఇవాళ నువ్వు తొడిగావు. చెల్లుకి చెల్లు” అన్నాడాయన.

రెండు గంటలు గడిచాయో లేదో, నిద్రలోనే పీకి పారేశాడు. వేలు దొరక్కపోతే ఆ ఉంగరం ఊరుకోదు, బుర్రుమని వణుకుతూనే ఉంటుంది. మంచం చెక్క మీద ఆ చప్పుడు చిన్నది కాదు. పక్క గదిలో అత్తయ్య, చిన్నది. లేచారంటే మళ్లీ పడుకోబెట్టేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. తీసి మళ్లీ ఆయనకి తొడగబోతే చెయ్యి తలగడ కిందికి దూర్చేసుకున్నాడు. ఆమె గుప్పిట్లో అది గింజుకుంటోంది. ఏడ్చే పసిపిల్లని భుజాన వేసుకున్నట్టు తన వేలికే తొడుక్కుంది. అది నోరు మూసుకుంది. రెండు నిమిషాలాగి మళ్లీ ఆయనకి పెడదామనుకుంది గానీ నిద్ర ముంచుకొచ్చేసింది. ఎవరు ఏది సగంలో వదిలినా పూర్తిచేయడం ఆమెకు అలవాటు. సగం మడతపెట్టిన బట్టలు, సగం రాసిన హోంవర్కు ఎలాగో, ఈ ఉంగరమూ అలాగే అయింది.

పొద్దున్నే లెక్కలాయన ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. “ఘోరమోయ్! నిద్ర మూడు గంటల నలభై నిమిషాలట. తొమ్మిదిసార్లు మెలకువట. నూటికి ముప్పై ఎనిమిది మార్కులు! చిన్నప్పటి నుంచి ఎందులోనూ నాకు ముప్పై ఎనిమిది రాలేదు.”

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచేలోపే అత్తయ్య కొంగుతో కళ్లొత్తుకుంటూ వచ్చేసింది. “అయ్యో నా తండ్రీ! రాత్రంతా కంటిమీద కునుకు లేకుండా పొద్దున్నే లేచి ఎలా తిరుగుతున్నావురా? ఒళ్లు ఏమైపోతుంది? ఎంత ఓర్చుకున్నావు, ఒక్కనాడన్నా బయటికన్నావా?”

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మాటలన్నీ తనవి. ఎవరి పేరు మీద వస్తేనేం, చెవులకి హాయిగా ఉన్నాయి. ఒళ్లు ఏమైపోతుంది అని ఎవరైనా అని ఎన్నాళ్లయింది? పెళ్లికి ముందు అమ్మ అనేది. పురుడు పోసుకున్నాక ఓ నర్సమ్మ అంది. తర్వాత ఎవరూ అన్నట్టు గుర్తులేదు. వీళ్లు చెడ్డవాళ్లు కాదు. కాలు నొప్పంటే అత్తయ్యే నూనె రాస్తుంది, జ్వరమొస్తే ఆయనే నాలుగు వీధులు తిరిగి పళ్లు తెస్తాడు. కానీ నొప్పీ జ్వరమూ చెప్పుకోడానికి పేరున్న జబ్బులు. రోజూ కాస్త కాస్త తరిగిపోయే నిద్రకి పేరేముంది? సాయంత్రం చెబుదాంలే అనుకుంది. సాయంత్రమూ ఇంకొంచెం వినాలనిపించింది. సిగ్గుపడాల్సిన విషయమే, ఆమె పడింది కూడా. పడుతూనే రెండో రాత్రీ ఆయన పీకేసిన ఉంగరాన్ని వేలికి తొడుక్కుంది. మూడో రాత్రీ అంతే.

జాలి మాటలు ఆమె చెవికి దక్కాయి గానీ దానివల్ల వచ్చిన సుఖం మాత్రం ఆయనకే చేరింది. “వాణ్ణి లేపకమ్మాయ్, చిన్నదాన్ని బడి దగ్గర నువ్వే దింపేసి వెళ్లు” అంది అత్తయ్య. సాయంత్రం సరుకులు తెచ్చే పని కూడా ఆయన నుంచి ఆమెకు మారిపోయింది. ఆయనకి మాత్రం రాత్రి పడుకోబోయే ముందు వేడి పాలు.

నాలుగో రోజు, శుక్రవారం, షాపులో రద్దీగా ఉంది. చీటీలో ఐదు అని రాసుంటే పది పవరున్న బీపీ బిళ్లల అట్ట తీసి పెట్టింది. బిల్లు దగ్గర ఓనరు చూశాడు కాబట్టి సరిపోయింది. ఆయన జనం ముందు ఏమీ అనలేదు. లోపలికి పిలిచి మెల్లగా చెప్పాడు.

“పదేళ్లలో నీ చేతిమీదుగా ఒక్క తప్పు జరగలేదమ్మా. ఈ నెలలో ఇది రెండోది. మూడోది జరిగితే కౌంటరు మీద ఉంచలేను, గోడౌన్లో డబ్బాలు సర్దుకోవాల్సి ఉంటుంది. ఇంట్లో కాస్త నిద్రపోయి రా.”

కౌంటరంటే ఆమెకు ప్రాణం. ఇంట్లో ఆమె మాటకి అడ్డం పడేవాళ్లే గానీ ఆగి వినేవాళ్లు తక్కువ. అక్కడ మాత్రం, తిన్నాక వేసుకోవాలా తినకముందా అని మనుషులు ఆమె మొహంలోకి చూసి అడుగుతారు, ఆమె చెప్పింది తలూపుతూ వింటారు. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టి, షాపు కంప్యూటర్లో ఉంగరం రిపోర్టు తెరిచింది, ఎవరో పేషెంటుది చదివినట్టు. మొదటి రెండు గంటలు ఆయనవి, ఆక్సిజన్ ఎనభై నాలుగుకి పడిపోయి లేస్తోంది. తర్వాతంతా తొంభై ఏడు, గీత గీసినట్టు తిన్నగా ఉంది. కానీ నిద్రే చిందరవందరగా ఉంది. ఇదే ఇంకొకరి రిపోర్టయితే ఆమె ఏమనేది? ‘ఈ మనిషికి ఊపిరి బాగానే ఉందండీ. ఎవరో నిద్రపోనివ్వడం లేదు’ అనేది. ఆ మాట మనసులో అనుకోగానే ఏడుపొచ్చింది. మొహం కడుక్కుని మళ్లీ కౌంటరు దగ్గరికెళ్లి, ఆ రోజంతా ప్రతి అట్టా రెండుసార్లు చదివి ఇచ్చింది.

ఆదివారం పొద్దున్నకి ఐదు రాత్రులూ పూర్తయ్యాయి. లెక్కలాయన తెల్ల కాగితం మీద స్కేలుతో గళ్లు గీసి పట్టిక తయారుచేశాడు. అత్తయ్య కూరగాయలు తరుగుతోంది. చిన్నది బల్ల కింద బొమ్మ కారు తోస్తోంది. ఆమె బట్టలు మడతపెడుతోంది.

“ఇది మామూలుది కాదమ్మా” అన్నాడాయన తల్లితో, పెన్సిలు ఆడిస్తూ. “ఐదు రోజులూ ఒకటీ యాభైకి మెలకువ. మూడూ పదికి ఇంకోటి. నాలుగున్నరకి లేస్తే ఇక నిద్రే లేదు. చిన్నాచితకా మెలకువలు వదిలేసినా, ఈ మూడూ మాత్రం తప్పట్లేదు. ఇంత క్రమంగా వస్తున్నాయంటే కారణం ఉండి తీరాలి.”

“ఒకటీ యాభయ్యా? అది నేను బాత్రూంకి లేచే టైమురా” అంది అత్తయ్య.

“నువ్వు లేస్తే నాకెందుకు మెలకువొస్తుంది? నన్నేం లేపవుగా.”

“నిన్నెందుకు లేపుతాను? అమ్మాయి వస్తుందిగా చెయ్యి పట్టుకోడానికి.”

బల్ల కింద నుంచి చిన్నది తల బయటపెట్టింది. “నాన్నా, నాకు మధ్యలో దాహమేస్తుంది. అమ్మ నీళ్లిస్తుంది.”

పెన్సిలు ఆగిపోయింది. “నాలుగున్నరకి...” అని ఆయనే మెల్లగా అన్నాడు, “నీళ్ల మోటారు.”

‘ఆ చప్పుడికి మీకూ మెలకువొస్తోందేమో లెండి’ అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లూ అలాంటి మాటలతోనే సర్దుకొచ్చింది. కానీ శుక్రవారం తీసి పెట్టిన అట్ట కళ్లముందు కదిలింది. చేతిలోని చొక్కాని కింద పెట్టింది.

“ఉంగరం మీ వేలికి ఉన్నది రోజుకి రెండు గంటలేనండీ. మీరు నిద్రలో పీకేస్తుంటే నేను పెట్టుకున్నాను. ఐదు రాత్రులూ. ఆ ముప్పై ఎనిమిది మార్కులు నావి.”

లెక్కలాయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. “అయితే నేను బాగానే నిద్రపోతున్నానన్నమాట!”

అనేశాక ఆమె మొహం చూశాడు. పెన్సిలు కింద పెట్టేశాడు. ఆమెకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

“నాలుగు రోజుల నుంచీ వీడికి పాలు కాచి ఇస్తున్నానే!” అంది అత్తయ్య, ఇంకా తేరుకోకుండా.

“కాచింది నేనే అత్తయ్యా. మీరు అందించారు.”

అత్తయ్య కత్తి పక్కన పెట్టింది. “నేను పిలవకుండానే వచ్చేసేదానివి. నీకూ నాలాగే నిద్ర తక్కువేమో అనుకున్నానమ్మాయ్” అంది. ఆ గొంతులో అబద్ధం లేదు. నిజంగానే అలా అనుకుంది పెద్దావిడ.

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?” అన్నాడాయన.

ఏమని చెప్పాలి? రాత్రి నీళ్లిచ్చాననా, మోటారు వేశాననా? ఒక్కోటి విడివిడిగా చెబితే ఎంత చిన్న పనులు! చెప్పిన మనిషే చిన్నదైపోతుంది. అందుకే ఆ చిన్న పనుల సంగతి ఎత్తలేదు. షాపులో ఏం జరిగిందో చెప్పింది. ఐదుకి బదులు పది ఇచ్చిన సంగతీ, ఓనరు అన్న మాటలూ, ఇంకో తప్పు జరిగితే కౌంటరు పోతుందనీ, అంతకన్నా ముందు ఎవరి ప్రాణమో పోవచ్చనీ చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క జోకు కూడా వేయలేదు. పెళ్లయ్యాక అంతసేపు జోకు వేయకుండా వినడం అదే మొదలు.

చెప్పడం అయ్యాక ఆమె ఫోను తీసుకుని, కౌంటరు దగ్గర మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది. “ఇటు చూడండి. ఈ మొదటి రెండు గంటలు మీవి. ఎనభై నాలుగు. ఒక్క రాత్రిలో ఏడుసార్లు పడిపోయింది. మీరు బాగా నిద్రపోవడం లేదు, మీకు తెలియడం లేదంతే. ఈ ముక్క రేపు డాక్టరమ్మకి నేను చెబుతాను, చేసిన తప్పు కూడా ఒప్పుకుంటాను. ఇవాళ్టి నుంచి మళ్లీ ఐదు రాత్రులు, మీ వేలికే.”

ఆ రాత్రి తొమ్మిదింటికి ఉంగరం తొడిగి, ఊడిపోకుండా దాని మీద తెల్ల ప్లాస్టరు చుట్టింది. మరీ బిగుసుకోకుండా, అంచులు గుచ్చుకోకుండా, నిదానంగా చుట్టింది. ఆయన పసివాడిలా వేలు చాపి కూర్చున్నాడు. ఆ వేలంటే ఆమెకు ఇష్టం, చివర ఎప్పుడూ సుద్దముక్క పొడి ఉంటుంది.

“ఇందులో అలారం ఇవాళే ఆన్ చేశాను, ఊపిరి ఆగి ఆక్సిజన్ పడిపోతే ఇదే వణికి మిమ్మల్ని లేపుతుంది. ఆ కాపలా ఇక నాది కాదు. నేను ముందు గదిలో తలుపేసుకుని పడుకుంటాను. ఒకటీ యాభైకి అత్తయ్యని మీరే తీసుకెళ్లాలి. ఎడమచెయ్యి పట్టుకోండి, కుడి భుజం నొప్పి. మూడూ పదికి చిన్నదానికి నీళ్లు. నాలుగున్నరకి మోటారు.”

“ఉంగరం పెట్టుకుని అన్నిసార్లు లేస్తే రిపోర్టు పాడవదూ?”

“పాడవదు. ఐదు రాత్రులు లేచి చూశాను.”

ఆయన తలూపాడు. తప్పించుకునే ఉద్దేశం ఆయన మొహంలో లేదు, నిజమైన బెంగే ఉంది. ఆమె తలగడా దుప్పటీ చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది.

“అలవాటు లేదోయ్” అన్నాడు వెనక నుంచి. “ఆ టైముకి నాకు మెలకువ రాకపోతే?”

ఆమె వెనక్కి తిరిగి ఆయన్ని ప్రేమగానే చూసింది.

“వస్తుందండీ. నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?”