వదిన గొలుసు

కుడి తుంటి అరిగిపోయింది గనక, బరువంతా ఎడమకాలి మీద వేసి, సింకు గట్టుకు ఆనుకుని మాడిన గిన్నె తోముతోంది ఆమె. వెనక నుంచి భర్త గొంతు. "చూశావా, మన పరువు ఎలా బజారున పడిందో? ఆ పేజీ ఇప్పుడే తీసేయ్."

బట్టల దుకాణంలో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడటం ఉద్యోగం కిందకి రాదు. ఆపరేషన్ ఇంకా వాయిదా వేస్తే మంచాన పడతావని డాక్టరు తేల్చి చెప్పాడు. ఇంట్లో దాచినదంతా మేడమీద గది కట్టడానికి పెట్టేశాక, "చూద్దాంలే" అన్నాడు ఈయన. ఆ చూడటం ఎప్పటికీ అవదని ఆమెకు తెలుసు. అందుకే దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి సాయంతో ఫోన్లో పేజీ తెరిచి, ముక్కూ మొహం తెలియనివాళ్ళను సాయం అడిగింది.

ఫొటో తీసేటప్పుడు అత్తగారు అడ్డొచ్చింది. "అడిగితే అడిగావు, లేనివాళ్ళలా కనపడకు. చుట్టాలు చూస్తారు." పెద్దాడపడుచు దగ్గర్నుంచి గొలుసు తెప్పించి, తనే మెడలో వేసింది. ఇప్పుడు ఫొటో కింద ఎవరో రాశారు: "ముందు ఆ గొలుసు అమ్ముకోండి. తర్వాత చెయ్యి చాపండి." ఆ వెనకే పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ మాటే ఇందాకటి నుంచి భర్త మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు. ఆమెకు సిగ్గేసింది, నిజమే. కానీ ఎందుకని తనను తాను అడిగితే, అడిగినందుకు కాదు, మెడలో అబద్ధం వేసుకుని అడిగినందుకు.

అడగడం ఆమెకు కొత్తా? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంటి తరఫున అడిగే పని ఆమెదే. అద్దింట్లో ఉన్న రోజుల్లో అద్దె ఆలస్యమైతే, "నువ్వెళ్ళి ఇంటావిడతో మాట్లాడు, ఆడవాళ్ళు అడిగితే కాదనరు" అనేవాడు. ఈయన బండికి తన అన్నయ్యను అడిగింది. అత్తగారి కంటి ఆపరేషన్‌కి దుకాణం యజమాని ముందు నిలబడి అడ్వాన్సు అడిగింది. ఆ రోజు యజమాని అందరి ముందూ విసుక్కుంటే, ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అడగందే అమ్మైనా పెట్టదే పిల్లా" అని అప్పుడు నవ్వేసింది ఇదే అత్తగారు. తిట్టు తిన్నది ఈమె, చూపొచ్చింది ఆవిడకి. పోనీలే, ఆ చూపుతోనే కదా ఈ గొలుసు కొక్కెం సరిగ్గా పెట్టింది!

"వింటున్నావా? తీసేయమంటున్నా. మా ఆఫీసులో తలెత్తుకోవద్దా నేను?"

ఆమె గిన్నె సింకులోనే వదిలేసింది. చేతులు తుడుచుకుని, మెడలో గొలుసు తీసి హాల్లో కూర్చున్న అత్తగారి ఒళ్ళో పెట్టింది. "వదినకి ఇచ్చేయండి అత్తయ్యా."

భర్త హమ్మయ్య అనుకున్నాడు. "అదీ, ఇప్పుడు బుద్ధిగా ఉంది."

"ఒక్క సంగతి చెప్పండి," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ మీకోసం నలుగురినీ అడిగితే పోని పరువు, నాకోసం ఒక్కసారి అడిగితే ఎలా పోయిందండీ?"

ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ గొలుసు వైపు చూసింది.

ఆమె చేతికర్ర అందుకుని వంటింట్లోకి నడిచి, సింకు పక్కన, తడి చీరతో, చెదిరిన జుట్టుతో, తన ఫొటో తనే తీసుకుంది. పాతది తీసేసి ఇది పెట్టింది. కింద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది:

"నిన్నటి ఫొటోలో గొలుసు మా వదినది. పరువు మావారిది. నడవాల్సిన కాలు నాది. అడుగుతున్నది నేను."